స్లోలో నిలబడని కారు

డోన్‌లో రైల్వే గేటు దాటి కర్నూలు రోడ్డు పట్టుకుంటే ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. అది నాదే. నా పేరు గాబ్రియేలు. మా ఊళ్లో లారీలు బాగుచేసేవాళ్లకు కొదవ లేదు గానీ, కంప్యూటర్ ఉన్న పెట్రోలు కార్లంటే ఆ రోజుల్లో అందరికీ భయమే. బానెట్ ఎత్తి, వైర్లు చూసి, హైదరాబాదుకు తీసుకుపొమ్మని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు. నేను హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చినవాణ్ణి. అందుకని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఉండేది అంటున్నాను, ఇప్పుడు లేదు.

2006 ఎండాకాలం అది. కోయిలకుంట్ల నుంచి రాఘవేంద్రప్రసాద్ అనే బట్టల షావుకారు నా షెడ్డుకు వచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ రోడ్డు వైపే చూసే మనిషి. వాళ్ల నాయన కేశవయ్య పోయి ఏడాది అయిందట. ఆయన కారు అప్పటి నుంచి గోడౌనులోనే పడి ఉంది, బ్యాటరీ చచ్చిపోయింది. అమ్మేద్దామని కొత్త బ్యాటరీ వేయించారు. స్టార్టయితే అవుతోంది గానీ స్లోలో నిలబడటం లేదు. స్లో అంటే మా భాషలో, రేసు పెడలు మీద కాలు పెట్టకుండా వదిలేసినప్పుడు ఇంజను తనంతట తాను నిమ్మళంగా తిరగడం. అది లేని బండిని ఎవరూ కొనరు. కొనేవాళ్లు మర్నాడే వస్తున్నారట.

కోయిలకుంట్లలో మెకానిక్కులే లేరా అని అడిగాను. ఉన్నారు గానీ రారు అన్నాడు. ఎందుకు రారో నేను అడగలేదు. నా గొప్ప విని ఇంత దూరం వచ్చాడనుకుని లోపల్లోపల మురిసిపోయాను.

బస్సులో పోతుంటే కిటికీలోంచి వడగాలి మొహం మీద కొట్టింది. పంట తీసేసిన నల్లరేగడి నేల పగుళ్లిచ్చి ఉంది. ఊళ్లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. కరెంటు అప్పుడే పోయిందని, ఇక సాయంత్రం దాకా రాదని ప్రసాద్ చెప్పాడు. ఆ ఏడాది మా సీమ అంతా అదే కథ. తన మోటారుసైకిలు మీద తీసుకుపోయి ఇంటి దగ్గర నన్ను దించి, గోడౌను షట్టరు ఎత్తి, వాళ్లమ్మకు నన్ను చూపించి, అన్నానికి వస్తానని చెప్పి అంగడికి పోయాడు. పోతూ పోతూ వెనక్కి వచ్చి, మా అమ్మతో ఎక్కువ మాట్లాడొద్దు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను వచ్చింది బండి బాగుచేయడానికి, ముచ్చట్లకు కాదు.

ఒకప్పుడు ఆ గోడౌనులో పత్తి నిలవ చేసేవాళ్లట. మూడు వైపులా కిటికీల్లేని రాతిగోడలు, పైన రేకులు, కింద కడప బండలు, ముందు ఇనుప షట్టరు. లోపలికి అడుగు పెట్టగానే ముక్కిన పత్తిగింజల వాసన, ఎలుకల వాసన, వాటి వెనక తలనూనె వాసన. కారు తెల్లది, మూతి వీధి వైపు పెట్టుకుని నిలబడి ఉంది. దాని మీద దుమ్ము లేదు. ఏడాదిగా కదలని కారు మీద దుమ్ము లేదంటే ఎవరో రోజూ తుడుస్తున్నారన్నమాట. డ్రైవరు సీటు వెనక్కి వాల్చి ఉంది. సీటు తల దగ్గర చిన్న దిండు. దిండు మధ్యలో తల ఆనిన గుంట ఇంకా అట్లాగే ఉంది.

సెల్ఫ్ కొట్టాను. వెంటనే అందుకుంది. రేసు మీద నుంచి కాలు తీశాను. ఇంజను చప్పుడు పైకి లేచింది, పడింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. రొప్పుతున్న మనిషిలా కాసేపు ఊగి, ఒక్కసారి గుక్క పట్టినట్టయి ఆగిపోయింది.

ఎదురుగా అరుగు మీద కుర్చీ వేసుకుని ప్రసాద్ వాళ్లమ్మ రాజ్యలక్ష్మమ్మ కూర్చుని ఉంది. బక్క మనిషి. నేను వచ్చినప్పటి నుంచీ నన్ను చూడలేదు, కారునే చూస్తోంది. ఇంజను ఆగిపోగానే మొహం చిట్లించింది.

"మా ఆయన ఉన్నప్పుడు ఎంతసేపైనా ఊగకుండా నిలబడతాండె," అంది. "నువ్వేమో ముట్టుకున్న ఎంటనే ఆపేస్తివి."

తప్పంతా నాదే అన్నట్టు మాట్లాడింది. నేను కోపం మింగి పనిలో పడ్డాను. ఆమె మాత్రం ఆగలేదు. కేశవయ్యకు పగటినిద్ర లేకపోతే కుదిరేది కాదట. కరెంటు పోతే ఇంట్లో ఉడికిపోయేవాడట. అందుకని అన్నం తిని వచ్చి, కారు స్టార్ట్ చేసి, ఏసీ వేసుకుని, సీటు వాల్చి అందులోనే పడుకునేవాడు. ఆమె ఈ అరుగు మీద కూర్చుని ఇంజను చప్పుడు వింటూ ఉండేది. పెట్రోలు తగలేసి పగటినిద్ర పోవడం షావుకార్లకే చెల్లింది అనుకున్నాను.

బ్యాటరీ మంచిదే. టెర్మినల్ బిగుతుగానే ఉంది. ఛార్జింగ్ వస్తోంది. రబ్బరు పైపులన్నీ తడిమి చూశాను, ఎక్కడా గాలి లీకు లేదు. గాలి ఫిల్టరు డబ్బా విప్పి, ఇంజను గాలి పీల్చే నోట్లోకి టార్చి వేసి చూస్తే అప్పుడు దొరికింది దొంగ. నోరంతా నల్లగా మసి పేరుకుని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇట్లాంటి కార్లలో మసి పేరుకునే కొద్దీ కంప్యూటర్ దాన్ని గుర్తు పెట్టుకుని, లోపలికి వదిలే గాలిని సర్దుకుంటూ పోతుంది. బ్యాటరీ తీసేస్తే ఆ గుర్తంతా పోతుంది. అప్పుడు స్లో ఊగుతుంది. మసి తుడిచి, కంప్యూటర్‌కు మళ్లీ నేర్పిస్తే సరిపోతుంది.

ఏమైందని ఆమె అడిగింది. ఇంత కథ ఆమెకు చెప్పినా బుర్రకెక్కదని, మేము అందరికీ చెప్పే మాటే చెప్పాను.

"బ్యాటరీ తీసినారు గదమ్మా, కారు అన్నీ మర్చిపోయింది."

ఆమె కుర్చీలోంచి లేచింది. "అన్నీనా?"

"అన్నీ."

"ఆయన్ని గూడనా?"

నవ్వొచ్చింది గానీ ఆమె మొహం చూసి ఆపుకున్నాను. అంత పగ నేనెప్పుడూ ఎవరి కళ్లలోనూ చూడలేదు. బ్యాటరీ తీసింది నేను కాదు. అయినా ఆ చూపు నా మీదే నిలిచింది. ఊరుకోక, మళ్లీ నేర్పిస్తే నేర్చుకుంటుందిలేమ్మా అన్నాను.

"ఎట్ల నేర్పిస్తావు?"

"రేసు తొక్కకుండా స్లోలో వదిలెయ్యాల. మొదట ఏసీ లేకుండా, తర్వాత ఏసీ ఏసి. రోజూ ఎట్లుంటాండెనో అట్లనే పెట్టాల."

"రోజూ ఎట్లుంటాండెనో అట్లనే," అని ఆమె పాఠం అప్పజెప్పినట్టు అంది. మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసేసుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

మసి శుభ్రంగా తుడిచాను. స్టార్ట్ చేశాను. మళ్లీ అదే ఊగుడు, మళ్లీ ఆగిపోవడం. ఎన్నిసార్లు చేసినా అంతే. చెమట కళ్లలోకి కారుతోంది. ఇంతలో పొలాల వైపు నుంచి దుమారం లేచింది. వీధంతా మసకగా అయిపోయింది. ఫిల్టరు డబ్బా విప్పేసి ఉంది కాబట్టి, దుమ్ము ఇంజను నోట్లోకి పోకుండా షట్టరు సగం దించి, మళ్లీ సెల్ఫ్ కొట్టాను.

ఇంజను ఊగుడు తగ్గింది.

ఇంకొంచెం దించాను. ఇంకొంచెం తగ్గింది. అనుమానం వచ్చి షట్టరు పూర్తిగా ఎత్తాను. రెండు గుక్కలు పట్టి ఆగిపోయింది. ఓహో, ఎదురుగాలి నోట్లోకి తోస్తోంది, అందుకే లెక్క తప్పుతోంది అనుకున్నాను. అట్టముక్క అడ్డం పెట్టి, షట్టరు ఎత్తే ఉంచి చూశాను. ఆగిపోయింది. అట్ట తీసేసి షట్టరు దించితే నిలబడింది. అప్పుడే సంచి సర్దుకుని వచ్చేయాల్సింది. కానీ పొగరు ఒకటి ఉందే, అది ఊరుకోనివ్వలేదు. ఇంత దూరం వచ్చి, నావల్ల కాదని ఆ పెద్దామె ముందు ఎట్లా చెప్పాలి?

పెట్రోలు పొగ సంగతి నాకు తెలియక కాదు. మూసిన గదిలో ఇంజను తిరిగితే మనిషి నిద్రలోనే పోతాడు. అందులోని విషవాయువుకు వాసన ఉండదు, దగ్గు రాదు. అందుకని షట్టరు నేలకు జానెడు ఎత్తు వరకే దించి, అది జారకుండా కింద ఒక ఇటుక నిలువుగా పెట్టాను. ఏసీ వేసి కాసేపు చూసుకుని బయటపడదామని కార్లో కూర్చున్నాను. చల్లగాలి బయటికి పోకూడదని తలుపు వేసుకున్నాను.

స్లో నిలబడింది. అంత చక్కగా నిలబడిన స్లో నేను నా జన్మలో వినలేదు. మొహానికి చల్లగాలి తగిలింది. ఎదురుగా బానెట్ ఎత్తి ఉంది కాబట్టి షట్టరు కనిపించడం లేదు. బానెట్ కింది సందులోంచి మాత్రం సన్నటి వెలుగు గీత. బయట దుమారం రేకుల మీద ఇసుక చల్లుతోంది. తలనూనె వాసన ఎక్కువైంది. నా తల దిండు మీద ఆనింది. ఎప్పుడు ఆనించానో నాకు తెలియదు.

ఆ గుంట నా తలకు సరిగ్గా సరిపోయింది.

లేవాలి అనుకున్నాను. ఇంకొక్క నిమిషం అనుకున్నాను. ఇంజను చప్పుడులోంచి ఇంకో చప్పుడు విడిపడింది. లోపలికి... బయటికి... లోపలికి... బయటికి. గురక. అది వెనక సీట్లోంచి రావడం లేదు. నా కిందనుంచి వస్తోంది.

"రాజీ..."

చెవికి అంత దగ్గరగా గుసగుస.

"రాజీ... ఏసెయ్..."

బానెట్ కింది వెలుగు గీత సన్నబడింది. ఇనుము బండకు తగిలిన చప్పుడు. గీత మాయమైంది.

చీకటి.

తాళంచెవి తిప్పాను. ఇంజను ఆగలేదు. తాళంచెవి పూర్తిగా పీకేశాను. చేతిలో తాళంచెవి ఉంది, ఇంజను తిరుగుతూనే ఉంది. తలుపు తోసుకుని కింద పడ్డాను. లేవలేకపోయాను. కణతలు పగిలిపోతున్నాయి. యేసయ్యా అని పిలవబోతే నోరు తిరగలేదు. కారును పట్టుకుని ముందుకు పాకాను. బ్యాటరీ వైరు పీకి లాభం లేదు, ఒకసారి అందుకున్న ఇంజను బ్యాటరీ లేకపోయినా తిరుగుతుంది. ఒక్కటే దారి. గాలి అందకుండా చేయాలి. విప్పేసి ఉన్న ఆ నోటి మీద అరచెయ్యి పెట్టి అదిమాను.

పీల్చింది. చెయ్యి ఎముక దాకా లాగేసినట్టు పీల్చింది. ఇంజను గుక్క పట్టింది... తడబడింది... అప్పుడు ఆ నోట్లోంచి నా అరచేతికి గాలి తగిలింది. ఏ ఇంజనూ ఆ నోట్లోంచి అట్లా బయటికి వదలదు. వెచ్చగా, తడిగా, తమలపాకు వాసనతో తగిలింది.

ఇంజను ఆగింది.

ఊపిరి ఆగలేదు.

చీకట్లో, తెరిచి ఉన్న కారు తలుపు లోపల్నుంచి, లోపలికి... బయటికి... లోపలికి... బయటికి...

షట్టరు దగ్గరికి దొర్లాను. ఎత్తితే రాలేదు, బయట గొళ్లెం పడి ఉంది. రెండు చేతులతో బాదాను. షట్టరుకూ బండకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. బండ మీద పడుకుని, దానికి ముక్కు ఆనించి గాలి పీల్చాను. సందులోంచి దుమ్ము వస్తోంది. ఆ దుమ్ములో, నా ముక్కుకు జానెడు దూరంలో, రెండు పాదాలు. పసుపు లేని ముసలి పాదాలు.

"అమ్మా, తియ్యమ్మా. సచ్చిపోతా."

"ఉష్..." అంది రాజ్యలక్ష్మమ్మ. "గట్టిగా అరవగాకు, లేస్తాడు. ఇంగా నేర్చుకోల్యా."

ఎంతసేపు అట్లా పడి ఉన్నానో చెప్పలేను. నా వెనక ఊపిరి దగ్గరవుతోందా, దూరమవుతోందా అని వింటూ ఉన్నాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. చివరికి వీధిలో మోటారుసైకిలు చప్పుడు వినిపించింది. ప్రసాద్ అన్నానికి వచ్చాడు. గొళ్లెం తీసి షట్టరు ఎత్తాడు. కాళ్ల దగ్గర పడి ఉన్న నన్ను చూసి అతను ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు కొత్తగా భయమేసింది.

"మళ్లా ఏసినావామ్మా?" అన్నాడు.

"నేను యాడ ఏసినా," అంది ఆమె. ఇటుక ఆమె చేతిలోనే ఉంది. "లోపల్నుంచి చెప్పినాడు. రాజీ, ఏసెయ్ అని. ఆ పొద్దు గూడ అట్లనే చెప్పినాడు. నేను ఏసినా."

ఎవరు చెప్పారని ప్రసాద్ అడిగాడు. ఆమె వేలెత్తి నన్ను చూపించింది.

అతను నన్ను బస్టాండు దాకా తీసుకొచ్చాడు. దారిలో నేను గట్టిగా నిలదీస్తే, చెప్పాడు. వాళ్ల నాయన ఆ కార్లోనే పోయాడట. దుమారం వచ్చిన రోజే, షట్టరు పూర్తిగా వేసి ఉండగా. తర్వాత మెకానిక్కులెవరైనా ఆ గోడౌనులోకి పోతే వాళ్లమ్మ షట్టరు వేసేస్తుందట. ముందే ఎందుకు చెప్పలేదురా అని చొక్కా పట్టుకున్నాను. చెప్తే మీరు వచ్చేవాళ్లు కాదు గదా అన్నాడు. తిట్టడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు. నా సామాన్ల సంచి అక్కడే వదిలేశాను, మళ్లీ దాని కోసం పోలేదు.

ఇంటికి వచ్చి ప్రసన్నకుమారికి అంతా చెప్పాను. ప్రసన్న నా భార్య, ధైర్యస్తురాలు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పొగ తలకెక్కితే లేనిపోనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి అంది. నేనూ అదే నమ్ముదామనుకున్నాను. నా అరచేతిలో గుండ్రంగా కమిలిన గుర్తు కొన్నాళ్లకు మానిపోయింది కూడా.

కానీ నాకు పగటినిద్ర మొదలైంది. పెళ్లయినప్పటి నుంచీ నేను పగలు కళ్లు మూసింది లేదు. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నానంటే, చేతిలో పానా ఉన్నా సరే, కళ్లు మూతలు పడిపోతాయి. షెడ్డులో పడిపోతానేమోనని ఇంటికి వచ్చేస్తున్నాను. ఒకరోజు లేచేసరికి గది చీకటిగా ఉంది. కిటికీలు, తలుపు అన్నీ వేసి ఉన్నాయి. ఎందుకేశావని ప్రసన్న మీద విరుచుకుపడ్డాను.

"నిద్రలో నీ ఊపిరి ఊగుతాంది," అంది. "పైకి పోతాది, కిందికి వస్తాది, ఉన్నట్టుండి ఆగిపోతాది. ఎంత తట్టినా అందుకోదు. తలుపులు ఏస్తేనే నిలబడుతాంది. ఏం జేయమంటావు నన్ను?"

ఆమె కళ్లు తుడుచుకుని, ఇంకొకటి అడగాల అంది. అడగమన్నాను.

"రాజీ ఎవరు?"

తలుపు గొళ్లేలు ఊడబెరికాను. కిటికీ రెక్కలు పీకేశాను. ప్రసన్న దుప్పట్లు కట్టింది. వాటిని చింపితే కొత్తవి తెచ్చి కట్టింది. భర్త ఊపిరి ఆగిపోతుంటే చూస్తూ ఊరుకోమని ఏ ఆడదానికి చెప్పగలను? నిద్రపోకుండా ఉంటే చాలు అని, ఇదంతా మధ్యాహ్నం పూట కూర్చుని రాస్తున్నాను. రాస్తుంటే నిద్ర రాదనుకున్నాను.

అన్నం తిని కాసేపే అయింది. ప్రసన్న వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కిటికీల మీది దుప్పట్లు నేనే తీసేశాను, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా మెడ వెనక చల్లగా తగులుతోంది. సన్నగా, ఆగకుండా. మా ఇంట్లో ఏసీ లేదు. పొద్దున్నుంచీ కరెంటు కూడా లేదు.

గిన్నెల చప్పుడు ఆగింది. ప్రసన్న ఏమయ్యా, పిలిచినావా అంటూ, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వస్తోంది.

నేను పిలవలేదు.